లొలీటా: ఎవరి కథ, ఎవరి మాట

వ్లదీమిర్ నబొకోవ్ ఇంగ్లీషులో రాసిన ‘లొలీటా’ నవల 1955 సెప్టెంబరులో పారిస్‌లో వెలువడింది. ముప్పై ఏడేళ్ల మగవాడు పన్నెండేళ్ల పిల్లను తన గుప్పిట్లో పెట్టుకున్న వైనాన్ని ఆ మగవాడి నోటే చెప్పించిన పుస్తకమిది. అచ్చయిన నాటి నుంచి దీనిమీద వాదం ఆగలేదు కానీ, వాదించే విషయం మాత్రం మారుతూ వచ్చింది. మొదట అడిగింది ఇది బూతా, సాహిత్యమా అని. తరువాత ఇది ప్రేమకథ అవునా కాదా అని. ఇంకొంత కాలానికి, ఇన్ని మాటల మధ్య ఆ పిల్ల ఎక్కడుంది అని. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకొక ప్రశ్నకు అంటగట్టడం వల్లనే చర్చ చాలామటుకు చిక్కుపడింది. బూతు కాదని ప్రభుత్వాలు వదిలేసినంత మాత్రాన అది ప్రేమకథ అయిపోదు. ప్రేమకథ కాదని తేలినంత మాత్రాన దాన్ని నిషేధించాలనీ కాదు.

కథ, కథ చెప్పే మనిషి

కథకుడు హంబర్ట్ హంబర్ట్ 1910లో పారిస్‌లో పుట్టినవాడు, సాహిత్యం చదువుకున్నవాడు. అమెరికా వచ్చి, 1947 వేసవిలో రామ్స్‌డేల్ అనే చిన్న ఊళ్లో షార్లెట్ హేజ్ అనే వితంతువు ఇంట్లో గది అద్దెకు తీసుకుంటాడు. ఆమె కూతురు డొలోరెస్‌పై, అతడి నోట ‘లొలీటా’పై, కన్నేస్తాడు. కూతురికి దగ్గరగా మసలడం కోసం తల్లిని పెళ్లాడతాడు. అతని డైరీ షార్లెట్ కంటపడి గుట్టు రట్టవుతుంది. ఆ ఆవేశంలో ఉత్తరాలు పోస్టు చెయ్యడానికి వీధిలోకి పరిగెత్తి ఆమె కారు కింద పడి చనిపోతుంది. వేసవి శిబిరంలో ఉన్న పిల్లను మారుతండ్రి హోదాలో హంబర్ట్ వెంట తీసుకుపోతాడు. తల్లి ఆస్పత్రిలో ఉందని నమ్మబలుకుతాడు. చనిపోయిందన్న మాట మర్నాడు గానీ బయటపెట్టడు. అప్పటికే జరగరాని ఘోరం జరిగిపోతుంది.

ఏడాది పాటు మోటళ్ల వెంట కారులో దేశమంతా తిప్పుతాడు. బియర్డ్‌స్లీ అనే ఊళ్లో కొన్నాళ్లు బడిలో వేస్తాడు, మళ్లీ ప్రయాణం కడతాడు. 1949 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, ఎల్ఫిన్‌స్టన్ అనే ఊరి ఆస్పత్రి నుంచి ఆ పిల్ల క్లేర్ క్విల్టీ అనే నాటకకర్తతో తప్పించుకుపోతుంది. మూడేళ్ల తరువాత ఆమె దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. పెళ్లయింది, కడుపుతో ఉంది, చేతిలో డబ్బు లేదు. హంబర్ట్ వెళ్లి డబ్బిస్తాడు, క్విల్టీని వెతికి కాల్చి చంపుతాడు, నిర్బంధంలో కూచుని ఇదంతా రాస్తాడు. జ్యూరీని ఉద్దేశించి మాట్లాడినట్టుగా రాస్తాడు కాబట్టి ప్రతి వాక్యమూ ఒక నిందితుడి వాంగ్మూలమే.

నవలకు ముందు జాన్ రే అనే కల్పిత మనస్తత్వవేత్త రాసిన ముందుమాట ఉంటుంది. అందులో శ్రీమతి రిచర్డ్ షిల్లర్ అనే స్త్రీ 1952 క్రిస్మస్ రోజున పురిట్లో చనిపోయిందనీ, బిడ్డ కూడా దక్కలేదనీ ఒక వాక్యం ఉంది. మొదటిసారి చదివేవాళ్లకు అది ఎవరో తెలియదు. నవల చాలా దూరం సాగాక, పెళ్లి తరువాత డొలోరెస్ ఇంటిపేరు షిల్లర్ అని తెలుస్తుంది. అప్పుడు వెనక్కి తిప్పి చూసుకున్నవాళ్లకు తప్ప, ఆమె చనిపోయిందన్న సంగతే అందదు. కథానాయిక చావును ముంగిట్లోనే పెట్టి, పాఠకుడు దాన్ని దాటుకుపోయేలా చేసిన ఈ ఏర్పాటు నవల పనితీరుకంతటికీ నమూనా. పిల్లకు సంబంధించిన ముఖ్యమైన నిజాలన్నీ ఇలా ఓ పక్కన, చూసీ చూడనట్టు పోయే చోటే ఉంటాయి.

అచ్చుకు ముందూ వెనకా

నబొకోవ్ 1899లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, విప్లవం తరువాత 1919లో కుటుంబంతో దేశం విడిచి, బెర్లిన్‌లో, పారిస్‌లో బతికి 1940లో అమెరికా చేరారు. సీతాకోకచిలుకల శాస్త్రంలో పేరున్నవారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెబుతుండగా ఈ నవల రాశారు. బీజం మాత్రం పారిస్‌లోనే పడింది. పిల్ల కోసం తల్లిని పెళ్లాడిన మనిషి కథను 1939లోనే రష్యన్‌లో ఒక పెద్దకథగా రాసి పక్కన పడేశారు. ‘మాంత్రికుడు’ అనే అర్థం వచ్చే పేరున్న ఆ కథ ఆయన పోయాక, 1986లో, కొడుకు ద్మిత్రి అనువాదంలో ఇంగ్లీషులో వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెడితే కనిపించే పెద్ద తేడా కథనం. పాత కథను రచయితే బయట నిలబడి చెప్పారు. ‘లొలీటా’లో ఆ పని నేరస్థుడికి అప్పగించారు. తరువాతి గొడవంతా ఆ ఒక్క నిర్ణయం లోంచి పుట్టిందే.

1953 డిసెంబరులో రాత పూర్తయింది. ఉద్యోగానికి ముప్పు వస్తుందని నబొకోవ్ మొదట మారుపేరుతో వేయాలనుకున్నారు. అమెరికాలో అయిదుగురు ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి పారిస్‌లో మోరిస్ జిరోడియాస్ నడిపే ఒలింపియా ప్రెస్ రెండు ఆకుపచ్చ అట్టల సంపుటాలుగా వేసింది. ఆ సంస్థ మంచి ప్రయోగ రచనలతో పాటు పచ్చి శృంగార పుస్తకాలూ వేసేది. ‘లొలీటా’కు తొలినాళ్లలో అంటిన మరకలో సగం ఆ సావాసం వల్లనే.

1955 చివర ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ లండన్ ‘సండే టైమ్స్’లో ఆ ఏటి మూడు ఉత్తమ గ్రంథాల్లో దీన్నొకటిగా చెప్పారు. ‘సండే ఎక్స్‌ప్రెస్’ సంపాదకుడు జాన్ గార్డన్ దీనంత మురికి పుస్తకం లేదని విరుచుకుపడ్డారు. అప్పటిదాకా ఎవరికీ పట్టని పుస్తకం రాత్రికి రాత్రి ఊరందరి నోటా పడింది. బ్రిటన్ కోరిక మీద ఫ్రాన్స్ 1956 డిసెంబరులో నిషేధించింది. అమెరికా కస్టమ్స్ మాత్రం ప్రతులను వదిలిపెట్టింది. 1958 ఆగస్టులో పుట్నమ్స్ సంస్థ అమెరికాలో వేస్తే మూడు వారాల్లో లక్ష ప్రతులు పోయాయి. బ్రిటన్‌లో వైడెన్‌ఫెల్డ్ అండ్ నికల్సన్ సంస్థ 1959 నవంబరులో తెచ్చింది. ఆ సంస్థ భాగస్వామి, పార్లమెంటు సభ్యుడు నైజల్ నికల్సన్‌కు బోర్న్‌మత్‌లో సొంత పార్టీవాళ్లే మళ్లీ టికెట్ దక్కనివ్వలేదు. సూయజ్ వ్యవహారంలో ఆయన పార్టీని ఎదిరించడం అసలు కారణమే అయినా, ‘లొలీటా’ కూడా ఆ కోపానికి తోడైంది.

బొంబాయి రేవులో

భారతదేశానికి ఈ వివాదం 1959లో వచ్చింది. జైకో సంస్థ తెప్పించిన ప్రతులను బొంబాయి కస్టమ్స్ అధికారులు ఆపారు. ‘కరెంట్’ వారపత్రిక సంపాదకుడు డి.ఎఫ్. కరాకా నిషేధించాలని ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయికి రాశారు. దేశాయి కూడా అశ్లీలమనే తలిచారు. ప్రధాని నెహ్రూ అడ్డుపెట్టనవసరం లేదనడంతో పుస్తకం అమ్మకానికి వచ్చింది. ఇది విశాల హృదయానికి గుర్తుగా చెప్పుకుంటూ వస్తున్న ఉదంతం. పక్కనే ఇంకొకటి పెట్టి చూస్తే మాత్రం అంత సులువుగా మెచ్చుకోబుద్ధి కాదు. ఇద్దరు వయసొచ్చిన మనుషుల ఇష్టపూర్వక సంబంధాన్ని చెప్పిన డి.హెచ్. లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీకి పడిన శిక్షను సుప్రీంకోర్టు 1964లో ఖాయం చేసింది. చట్టం కొలిచింది వర్ణనలోని పచ్చితనాన్నే తప్ప జరిగిన అన్యాయాన్ని కాదు. ‘లొలీటా’లో పచ్చి మాట దాదాపు లేదు కాబట్టి గట్టెక్కింది.

ఆనాటి దేశ పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం వధువుకు కనీస వయసు పదిహేను. అది పద్దెనిమిదికి పెరిగింది 1978లో. వయసులో పెద్ద అంతరమున్న సంబంధం మన సాహిత్యానికి కొత్త కాదు గానీ అది పెళ్లి రూపంలో, సంఘసంస్కరణ సమస్యగా వచ్చింది. 1892లో తొలిసారి ప్రదర్శించి 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధాన్లుకు చిన్నపిల్ల సుబ్బిని డబ్బుకు కట్టబెట్టాలన్న అగ్నిహోత్రావధాన్ల పట్టుదల కథకు ఇరుసు. అక్కడ నేరం అందరి కళ్లెదుటా జరుగుతుంది, బేరం బాహాటంగా సాగుతుంది, పెద్దలు నవ్వుల పాలవుతారు. లుబ్ధావధాన్లు తన కోరికకు కవిత్వపు ముసుగు వెయ్యడు. నబొకోవ్ పాఠకుడికి ఆ దూరం లేదు. ఇక్కడ నవ్వించేదీ, కన్నీళ్లు పెట్టించేదీ, పాఠకుడితో చనువు కలుపుకునేదీ నేరస్థుడే.

ప్రేమకథ అన్నవాళ్లు

అమెరికా విమర్శకుల్లో పెద్ద తలకాయ లయొనెల్ ట్రిల్లింగ్ 1958లో రాసిన వ్యాసం ఈ పక్షానికి మూలం. పాశ్చాత్య సాహిత్యంలో మహా ప్రేమ ఎప్పుడూ సంఘానికి ఎదురు నిలిచేదే, అడ్డంకి లేనిదే అది మండదు అన్నది ఆయన మొదలుపెట్టిన చోటు. పరాయి పురుషుడితో సంబంధం ఎవరినీ ఉలిక్కిపడేలా చెయ్యని కాలంలో, ప్రేమకు ఇంకా మిగిలిన ఒకే ఒక్క నిషేధాన్ని నబొకోవ్ ఎంచుకున్నారని ఆయన వాదం. చదువుతూ చదువుతూ పాఠకుడు తన అసహ్యాన్ని మరిచి హంబర్ట్‌ను ఒప్పేసుకుంటాడని కూడా ట్రిల్లింగ్ గమనించారు. ఆ గమనిక నిజం. దాన్ని నవల ఒడ్డిన ఉచ్చుగా కాక నవల తీర్పుగా తీసుకోవడంలో ఆయన జారిపోయారు.

మరికొందరు ఇంకా ముందుకు పోయారు. కెనడా నవలాకారుడు రాబర్ట్‌సన్ డేవిస్ దృష్టిలో ఇది చెడిపోయిన పిల్ల చేతిలో ఒక బలహీనుడు దోపిడీకి గురైన కథ. డరొతీ పార్కర్ నవలను మెచ్చుకుంటూనే పిల్లను మొరటుది, స్వార్థపరురాలు అని తిట్టిపోశారు. నోరు పెట్టుకుని ఎదురు తిరిగే పన్నెండేళ్ల పిల్ల పెద్దలకు ఎలా కనబడుతుందో ఇవి చెబుతాయి, నవల గురించి పెద్దగా చెప్పవు. ఆమె గురించిన ప్రతి మాటా ఆమెను బంధించిన మనిషి ఎంచి ఇచ్చిందేనన్న జ్ఞానం వీళ్లకు కలగలేదు.

రచయిత భార్య వేరాకు ఆనాడే ఇది కనబడింది. పిల్ల నిస్సహాయతనూ, ఆ రాక్షసుడి మీద ఆధారపడక తప్పని స్థితినీ, ఆమె గుండె నిబ్బరాన్నీ ఏ సమీక్షకుడూ గమనించలేదని 1958లో తన దినచర్యలో నొచ్చుకున్నారు. నబొకోవ్ సైతం 1967 నాటి ‘పారిస్ రివ్యూ’ సంభాషణలో హంబర్ట్‌ను డాంబికుడు, క్రూరుడు అనీ, జాలిగా కనబడడం అతని నేర్పనీ అన్నారు. 1975లో ఫ్రెంచి టెలివిజన్‌లో, ఆ పిల్ల చెడ్డది కాదు, చెరచబడిన బిడ్డ అని కుండబద్దలు కొట్టారు.

శిల్పం ఒక్కటే చాలునా

అయితే రచయిత మాటను ఆధారంగా తీసుకునేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఆయనే 1956లో రాసి, మరుసటి ఏడు పత్రికలో వేసి, ఆపైన నవలకు వెనకమాటగా చేర్చిన వ్యాసంలో తన పుస్తకం వెంట నీతి ఏదీ రాదనీ, కల్పన ఇచ్చే సౌందర్యానందమే తనకు ముఖ్యమనీ అన్నారు. దాన్ని పట్టుకుని శిల్పవాదులు ఒక తరం పాటు సాగారు. ఆల్ఫ్రెడ్ అప్పెల్ 1970లో టీకాటిప్పణితో తెచ్చిన ‘లొలీటా’ ఆ ధోరణికి శిఖరం. పో, మెరిమీ, జాయిస్ వంటివారి ప్రస్తావనలు, మాటల ఆటలు, క్విల్టీ గురించి దారి పొడవునా జల్లిన ఆనవాళ్లు పూస గుచ్చినట్టు విప్పారు. ఆ పుస్తకం లేకపోతే ఎందరో పాఠకులు నవలలో సగం కూడా పట్టుకోలేకపోయేవాళ్లు. కానీ పొడుపుకథలు విప్పే సరదాలో పడితే, చీకట్లో ఏడుస్తున్న పిల్ల వినబడదు.

దీనికి తొలి విరుగుడు కథన శాస్త్రం నుంచి వచ్చింది. వేన్ బూత్ 1961లో వెలువరించిన ‘ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’లో నమ్మదగని కథకుడు అనే భావనను స్థిరపరిచారు. భాషా సంపద మొత్తం ఒక దుర్మార్గుడి చేతికిచ్చినప్పుడు ట్రిల్లింగ్ అంతటివాడు కూడా దారి తప్పగలడని ఆయన చూపిన ఉదాహరణల్లో ‘లొలీటా’ ఒకటి. తప్పు పాఠకుడిదా, అన్ని హంగులూ కథకుడికే ఇచ్చేసిన రచయితదా అన్న మెలిక కూడా ఆయన పెట్టిందే.

అమెరికన్ తత్వవేత్త రిచర్డ్ రోర్టీ 1989లో చేసిన పరిశీలన దీన్ని మరోమెట్టు ఎక్కించింది. ఆయన పట్టుకున్నది నవలలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చిపోయే మంగలిని. కాస్బీమ్ అనే ఊళ్లో ఒక ముసలి మంగలి హంబర్ట్‌కు జుట్టు కత్తిరిస్తూ బేస్‌బాల్ ఆడే తన కొడుకు గురించి వాగుతుంటాడు, పత్రికల కత్తిరింపులు చూపిస్తుంటాడు. విననట్టు కూర్చున్న హంబర్ట్‌కు చివర్లో ఒక ఫొటో చూశాక గానీ ఆ కొడుకు పోయి ముప్పై ఏళ్లయిందని తట్టదు. ఆ మంగలి కోసం నెల రోజులు పట్టిందని నబొకోవ్ వెనకమాటలో చెప్పుకున్నారు. రోర్టీ వాదన ప్రకారం హంబర్ట్ క్రౌర్యానికి వేరు ఇదే, తన మోజుకు పనికిరాని ఎదుటి మనిషి బాధ మీద బొత్తిగా ధ్యాస లేకపోవడం. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, ఆ వాక్యాన్ని పాఠకుడు కూడా హంబర్ట్ లాగే దాటేసి ఉంటాడు. డొలోరెస్‌కు రెండేళ్లకే పోయిన తమ్ముడొకడు ఉండేవాడని ఎందరికి గుర్తుంటుంది? వెనకమాటలో నీతి లేదన్న రచయితే నవలలో పాఠకుడి మనసుకు పరీక్ష పెట్టారన్నమాట. నబొకోవ్ జీవితచరిత్రను 1990, 1991లలో రెండు సంపుటాలుగా వెలువరించిన బ్రయన్ బాయిడ్, ఎలెన్ పైఫర్ వంటివారు వేరు వేరు దారుల్లో ఇలాంటి చోటికే చేరారు.

పిల్ల వైపు నుంచి

స్త్రీవాద విమర్శ అడిగిన ప్రశ్న సూటిది. నైతిక పరీక్ష సరే, అది ఎవరికి? మగ పాఠకుడి మనస్సాక్షి మేల్కోవడానికి ఒక పిల్ల ఒంటిని వేదిక చెయ్యడం కూడా ఒక రకమైన వాడకం కాదా? లిండా కాఫ్‌మన్ 1989లో, ఈ నవలలో అసలు స్త్రీ అంటూ ఉందా అని నిలదీశారు. శిల్పవాదులు మెచ్చుకునే పోలికలూ శ్లేషలూ నిజంగా జరిగిన గాయాన్ని కప్పిపెట్టే పని చేస్తాయని ఆమె ఆరోపణ. 2015లో రెబెకా సోల్నిట్, డొలోరెస్ వైపు నుంచి చదవబోతే మగ పాఠకులు తనకు కళంటే ఏమిటో పాఠం చెప్పడానికి ఎగబడిన తీరును ఎండగట్టారు.

ఈ పక్షానికి నవలలోనే కావలసినంత సాక్ష్యముంది. హంబర్ట్ నిద్ర నటించగానే ప్రతి రాత్రీ పిల్ల ఏడుపు వినిపించేదని అతడే ఒకచోట ఒప్పుకుంటాడు, అదీ సుదీర్ఘ ప్రయాణ వర్ణన తోకలో. బియర్డ్‌స్లీ ఘట్టంలో ఇంకొకటి ఉంది. అతడిచ్చిన చిల్లర డబ్బును పిల్ల దాచుకుంటుంది. ఒక పుస్తకంలో ఎనిమిది ఒక డాలరు నోట్లు దొరుకుతాయి. ఆ పుస్తకం స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలండ్’ కావడం హంబర్ట్‌కు చమత్కారంగా తోస్తుంది. ఇంకోసారి గోడకున్న బొమ్మ వెనక కన్నంలో ఇరవై నాలుగు డాలర్ల చిల్లర దొరుకుతుంది. అవన్నీ లాగేసుకుంటాడు. కారణం కూడా దాచడు, ఎక్కడికో పారిపోయేంత డబ్బు ఆమె దగ్గర పోగవుతుందేమోనన్న భయం. ప్రేమకథ అనేవాళ్లు జవాబు చెప్పవలసింది ఈ ఎనిమిది నోట్లకు. ఇష్టపడి ఉన్న మనిషికి గోడ కన్నంలో దారిఖర్చు దాచుకునే అవసరం రాదు.

అజర్ నఫీసీ 2003లో వెలువరించిన ‘రీడింగ్ లొలీటా ఇన్ టెహ్రాన్’ దీన్ని రాజకీయంలోకి తీసుకుపోయింది. ఇరాన్‌లో విశ్వవిద్యాలయ కొలువు వదిలేశాక ఆమె ఇంట్లో రహస్యంగా ఏడుగురు విద్యార్థినులకు చెప్పిన పాఠాల జ్ఞాపకమది. ఇస్లామిక్ విప్లవం తరువాత ఆడపిల్ల పెళ్లి వయసును తొమ్మిదికి దించిన దేశంలో, ఒకరి బతుకును ఇంకొకరు తమ ఊహతో కబ్జా చేసుకోవడంగా వాళ్లు ఈ కథను చదివారు. దీని మీదా గొడవ లేకపోలేదు. పాశ్చాత్యుల దండయాత్రలకు సాకు సమకూర్చే పుస్తకమని హమీద్ దబాషీ 2006లో దుయ్యబట్టారు.

ఇంతవరకు వచ్చిన వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా అభిప్రాయంలో కంటే సాక్ష్యంగా దేన్ని తీసుకున్నారన్న దాంట్లో ఎక్కువ. ప్రేమ పక్షం హంబర్ట్ గొంతును వింది, ముఖ్యంగా చివరి అధ్యాయాల గొంతును. శిల్ప పక్షం వాక్యాన్నీ, అల్లికనూ చూసింది. నైతిక పక్షం హంబర్ట్‌కూ రచయితకూ మధ్య ఉన్న సందును వెతికింది. స్త్రీవాద పక్షం చెప్పనివాటిని, చెప్పీ దాటేసినవాటిని ఏరింది. మొదటి పక్షం మాత్రం పుస్తకంలో ఉన్న సరుకుకే తట్టుకోలేదు. మిగతా మూడూ ఒకదాన్నొకటి కొట్టుకోవు గానీ, ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు.

అట్టమీద బొమ్మ

నవల చదవనివాళ్లకు కూడా లొలీటా అంటే ఒక బొమ్మ కళ్ల ముందు మెదులుతుంది, గుండె ఆకారపు ఎర్ర కళ్లజోడు, పెదాల మధ్య లాలీపాప్. అది స్టాన్లీ కూబ్రిక్ 1962లో తీసిన సినిమా ప్రచారం కోసం బెర్ట్ స్టెర్న్ తీసిన ఫొటో. ఆ కళ్లజోడు నవలలో లేదు, సినిమాలోనూ లేదు. అట్ట మీద ఆడపిల్ల బొమ్మ వద్దని నబొకోవ్ 1958లోనే అమెరికన్ ప్రచురణకర్తకు రాశారు. ఆయన మాట కొన్నాళ్లే చెల్లింది. దశాబ్దాలుగా దేశదేశాల ముద్రణలు ఆ పిల్లను వగలమారిలా చూపిస్తూ వచ్చాయి. ఈ అట్టల చరిత్ర మీదనే 2013లో జాన్ బెర్‌ట్రమ్, యూరీ లేవింగ్ ఒక పుస్తకం తెచ్చారు.

కూబ్రిక్ సెన్సారుకు భయపడి పిల్ల వయసు పెంచారు, కథను పీటర్ సెల్లర్స్ పోషించిన క్విల్టీ హాస్యం వైపు తిప్పారు. 1997లో ఏడ్రియన్ లైన్ తీసిన సినిమా సంఘటనల వరకు నవలను దగ్గరగా అనుసరించినా, జెరెమీ ఐరన్స్ ముఖంలోని విషాదం, ఎన్యో మొరికోనె సంగీతం కలిసి మళ్లీ ప్రేమకథనే తయారుచేశాయి. ఇందులో దర్శకుల లోపం ఎంతో, మాధ్యమం స్వభావం అంతే. పేజీ మీద పాఠకుడు కథకుణ్ని అనుమానించగలడు. తెర మీద పిల్ల నవ్వు నిజంగా నవ్వులాగే కనబడుతుంది, అది హంబర్ట్ కల్పించుకున్న నవ్వని చెప్పే దారి ఉండదు.

అసలు ఉదంతం, అరువు పేరు

నవల పుట్టుక మీద రెండు వాదాలున్నాయి. 1916లో హైన్‌జ్ ఫాన్ లిష్‌బర్గ్ అనే జర్మన్ రచయిత ‘లొలీటా’ పేరుతోనే ఒక చిన్న కథ వేశాడు. అందులోనూ అద్దె గది, ఇంటివారి కూతురు ఉన్నాయి. మిషాయెల్ మార్ 2004లో దీన్ని బయటపెట్టినప్పుడు దొంగతనమన్న మాట వినిపించింది. నబొకోవ్ దాన్ని చదివారనడానికి రుజువు దొరకలేదు. చదివినా ఆ కథలోంచి ఈ నవల రాదు.

రెండోది బరువైనది. 1948లో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో శాలీ హార్నర్ అనే పదకొండేళ్ల పిల్ల స్నేహితురాళ్ల పందెం మీద దుకాణంలో ఓ నోటుపుస్తకం దొంగిలించింది. ఫ్రాంక్ లసాల్ అనే యాభై ఏళ్ల మెకానిక్ తాను ఎఫ్‌బీఐ అధికారినని బెదిరించి తీసుకుపోయి, తండ్రినని చెప్పుకుంటూ దాదాపు రెండేళ్లు ఊరూరా తిప్పాడు. 1950 మార్చిలో కాలిఫోర్నియాలో ఆమె ఇంటికి ఫోన్ చేసి బయటపడింది. 1952లో కారు ప్రమాదంలో చనిపోయింది. నబొకోవ్ ఆ వార్తను కార్డు మీద ఎత్తి రాసుకున్నారు. నవలలో హంబర్ట్ ఒకచోట ఈ ఇద్దరి పేర్లూ చెప్పి, తాను చేసింది అదేనేమో అనుకుంటాడు. శారా వైన్‌మన్ 2018లో ‘ది రియల్ లొలీటా’లో ఈ చరిత్రంతా తవ్వి, ఆ పిల్ల బాధ నుంచి నవల తీసుకున్నంత గుర్తింపు తిరిగి ఇవ్వలేదన్నారు. 1939 నాటి పెద్దకథ ఉంది కాబట్టి మూలం ఈ కేసే అనడానికి వీల్లేదు. కానీ తండ్రి వేషం, దేశసంచారం వంటివి గట్టిపడడానికి ఈ వార్త తోడ్పడిందనడంలో పేచీ తక్కువ. వివాదమల్లా, అసలు మనిషి పేరును కథలో ఒక చిన్న వాక్యంగా పెట్టడం నివాళి అవుతుందా, వాడకమవుతుందా అన్నదే.

ఇంకా తేలనివి

హంబర్ట్ పశ్చాత్తాపం నిజమా? చివర్లో అతడు కొండ అంచున నిలబడి లోయలోని ఊళ్లో ఆడుకుంటున్న పిల్లల గొంతులు వింటాడు. ఆ గొంతుల మధ్య ఆమె గొంతు లేకపోవడమే అసలు విషాదమని గ్రహిస్తాడు. ఎందరో విమర్శకులు దీన్ని మారుమనసుగా చూశారు. కానీ ఆ ఘటన కాలక్రమంలో ఆమె పారిపోయిన కొద్ది రోజులకే జరిగింది. అంత ముందే కళ్లు తెరుచుకున్నవాడు తరువాతి మూడేళ్లూ తుపాకి పట్టుకుని క్విల్టీ కోసం ఎందుకు తిరిగాడు? జ్యూరీ ముందు చివరి మాటగా ఏది పెడితే బాగుంటుందో ఎరిగిన నేర్పరి దాన్ని అక్కడ అమర్చుకున్నాడనడానికీ అంతే బలముంది.

తేదీల గుట్టు ఇంకా ముదిరింది. ముందుమాట ప్రకారం హంబర్ట్ 1952 నవంబరు 16న గుండెపోటుతో చనిపోయాడు. రాయడం మొదలుపెట్టి యాభై ఆరు రోజులయిందని అతడే చెబుతాడు. లెక్క కడితే మొదలుపెట్టింది సెప్టెంబరు 22, అంటే డొలోరెస్ ఉత్తరం అందిన రోజు. అలాగైతే ఆమెను కలవడానికీ, క్విల్టీని చంపడానికీ రోజులే లేవు. ఎలిజబెత్ బ్రస్, క్రిస్టీనా టెకినర్, అలెగ్జాండర్ దొలీనిన్ వంటివారు దీన్నిబట్టి ఆఖరి ఘట్టాలన్నీ హంబర్ట్ అల్లుకున్న కల్పన అన్నారు. అదే నిజమైతే ఆమె క్షమించినట్టుగా ఉన్న ఆ చివరి కలయిక కూడా అబద్ధమే. బాయిడ్ 1995లో దీన్ని తోసిపుచ్చారు. నబొకోవ్ తేదీల్లో పొరబడిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఒక్క అంకె మారిస్తే చిక్కు తీరిపోతుంది, ఒక్క అంకె కోసం నవల భావోద్వేగ నిర్మాణమంతా కూల్చడం అతి అన్నది ఆయన మాట. బాయిడ్ వైపు కాస్త మొగ్గు కనబడుతుంది. కల్పన వాదం ఒప్పుకుంటే ఆమె పెళ్లి, గర్భం, ముందుమాటలోని ఆమె చావు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడానికి ఇంకో కల్పన కావాలి.

ఆమె గొంతును వేరొకరు రాయవచ్చునా అన్నది మరో తగాదా. ఇటలీ రచయిత్రి పియా పేరా 1995లో పిల్ల దినచర్యగా ఒక నవల రాస్తే, ద్మిత్రి నబొకోవ్ హక్కుల కేసు వేశారు. రాజీ కుదిరి 1999లో ఆయన ముందుమాటతో ఇంగ్లీషులో వచ్చింది. కేట్ ఎలిజబెత్ రస్సెల్ 2020లో తెచ్చిన ‘మై డార్క్ వనెస్సా’ ఇంకో దారి పట్టింది. నలభై రెండేళ్ల ఉపాధ్యాయుడు పదిహేనేళ్ల విద్యార్థినికి ‘లొలీటా’ చదవమని ఇస్తాడు. ఆమె దాన్ని ప్రేమకథగానే చదువుతుంది, ఏళ్లు గడిచాక కూడా ఆ చదువు నుంచి బయటపడలేక నలుగుతుంది. ట్రిల్లింగ్ చేసిన పఠనం ఒక పిల్ల చేతికి వస్తే ఏమవుతుందో ఆ నవల చూపిస్తుంది.

అదే ఏడు జనవరిలో ఫ్రాన్స్‌లో వనెస్సా స్ప్రింగోరా, పద్నాలుగేళ్ల వయసులో తనను లోబరుచుకున్న రచయిత గాబ్రియెల్ మాత్స్‌నెఫ్ గురించి ‘ల కాన్సాంత్‌మాఁ’ అనే ఆత్మకథనం వెలువరించారు. దశాబ్దాల పాటు తన అలవాట్లను బాహాటంగా రాసుకుని సాహిత్య సత్కారాలు పొందిన మనిషి అతడు. ఈ కదలిక తరువాత, 2021 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ల లోపు పిల్లలతో పెద్దల లైంగిక చర్యను అంగీకారంతో నిమిత్తం లేకుండా అత్యాచారంగా చూసే చట్టం ఫ్రాన్స్‌లో వచ్చింది. స్ప్రింగోరా తన పుస్తకంలో ‘లొలీటా’ను ఆ నేరానికి సమర్థనగా చూడలేదు, గట్టి ఖండనగానే చూశారు. మాత్స్‌నెఫ్ రాతల్లో పిల్లలు ఎప్పుడూ సంతోషంగానే ఉంటారు. హంబర్ట్ ఎంత కప్పిపుచ్చినా అతని కథలో రాత్రిపూట ఏడుపు వినబడుతుంది.

బడుల్లో, కళాశాలల్లో దీన్ని చెప్పాలా వద్దా, చెబితే ఏ వయసు వారికి, ముందస్తు హెచ్చరికతోనా అన్నవి ఇంకా రగులుతున్న తగాదాలు. 1998లో మోడర్న్ లైబ్రరీ ఇరవయ్యో శతాబ్దపు వంద ఇంగ్లీషు నవలల జాబితాలో నాలుగో స్థానమిచ్చిన పుస్తకమే ఇప్పుడు పాఠ్యప్రణాళికలో పెట్టడానికి అధ్యాపకులు వెనకాడుతున్న పుస్తకం. 2021లో ‘లొలీటా ఇన్ ది ఆఫ్టర్‌లైఫ్’ పేరుతో ఈ కాలపు రచయితల వ్యాసాలను సంకలనం చేసిన జెనీ మింటన్ క్విగ్లీ, 1958లో దీన్ని అమెరికాలో అచ్చువేసిన వాల్టర్ మింటన్ కూతురు. ఆ వ్యాసకర్తలు కూడా ఒక మాట మీదకు రాలేదు. కొందరికి అది ఇప్పటికీ గొప్ప పుస్తకం, కొందరికి మళ్లీ తెరవలేని పుస్తకం, మరికొందరికి ఏకకాలంలో రెండూను.